సొంత ప్రభుత్వాన్నీ వదలని పాట

పరాయి పాలకుణ్ణి ఎదిరించిన పాటకు ఏదో ఒక రోజు సన్మానం జరుగుతుంది. పాలన మారగానే ఆ పాట పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది, జెండా పండుగనాడు మైకుల్లో మోగుతుంది, పాడిన మనిషి భుజాల మీదికి శాలువా వస్తుంది. అదే గొంతు పదేళ్లు తిరిగేసరికి కొత్త పాలకులను, అంటే నిన్నటి పోరాటంలో తనవాళ్లే అయిన నాయకులను నిలదీస్తే ఏమవుతుంది? జింబాబ్వే గాయకుడు థామస్ మప్ఫూమో జీవితం చూస్తే తెలుస్తుంది. తెల్లవాళ్ల ప్రభుత్వం ఆయన్ను నిర్బంధించింది. తాను గెలుపు కోరిన నల్లవాళ్ల ప్రభుత్వం ఆయన దేశం విడిచిపోయే పరిస్థితి తెచ్చింది. ఆఫ్రికా నిరసన సంగీతం గురించి రాసేవాళ్లు ఎక్కువగా మొదటి కథనే చెబుతారు. కష్టమైనదీ, గొప్పదీ రెండోదే.

మప్ఫూమో 1945లో మారండెరా ప్రాంతంలో పుట్టారు. దేశం పేరు అప్పటికి దక్షిణ రొడీషియా. 1930 నాటి భూ విభజన చట్టం దేశంలో దాదాపు సగం నేలను, అందులోనూ మంచి నేలను, జనాభాలో చాలా చిన్న భాగమైన తెల్లవారికి కట్టబెట్టింది. నల్లవారిని వానలు సరిగా పడని, సారం లేని రిజర్వు భూముల్లోకి తోసింది. చిన్నతనం పల్లెలో గడిపి, పదేళ్ల వయసులో ఆయన రాజధాని శివారు బస్తీకి వచ్చారు. అప్పటి సాలిస్‌బరీయే ఇప్పటి హరారే.

షోనా జాతి ప్రజల పల్లెల్లో ఎంబిరా అనే వాద్యం ఉంది. చెక్క పలక మీద ఇరవైకి పైగా సన్నటి ఇనుప పట్టీలు బిగిస్తారు. వాటిని రెండు బొటనవేళ్లతో, ఒక చూపుడువేలితో మీటుతారు. పలకను పెద్ద సొరబుర్రలో ఇరికించి వాయిస్తే నాదం పెరుగుతుంది. బుర్ర అంచుకు కట్టిన గవ్వలో, సీసా మూతలో ఆ నాదంతో పాటు గరగరమంటూ ఉంటాయి. ఇది వినోదం కోసం పుట్టిన వాద్యం కాదు. రాత్రంతా జరిగే బిరా కొలుపులో చనిపోయిన పెద్దల ఆత్మలను పిలవడానికి దీన్ని వాయిస్తారు. క్రైస్తవ మిషనరీలకు ఇది సైతాను వాద్యంగా కనిపించింది. బడికి వెళ్లే పిల్లలు దీన్ని ముట్టుకోవడం తప్పయింది. 1974లో స్టెల్లా చివేషే అనే యువతి తన మొదటి రికార్డు చేయడానికి ఎంబిరాను ఎరువు తెచ్చుకోవలసి వచ్చింది. ఆడపిల్ల ఆ వాద్యం పట్టుకోవడమే వింత అయిన రోజులవి. అదే ఎంబిరా తయారీకీ, వాదనకూ 2020లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది.

కుర్రవాడిగా మప్ఫూమో పాడినవి ఎల్విస్ ప్రెస్లీ పాటలు, ఓటిస్ రెడ్డింగ్ పాటలు. నగరంలో పని దొరకాలంటే అవే పాడాలి. తెల్లవారి మైనారిటీ పాలన చేజారకుండా 1965 నవంబరులో ఇయాన్ స్మిత్ ప్రభుత్వం బ్రిటన్ నుంచి ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. నల్లవారికి అది మరింత బిగుసుకున్న ఉచ్చు. 1970ల తొలి ఏళ్లలో మప్ఫూమో మంగూరా రాగి గనుల ఊరికి వెళ్లి, గని కార్మికుల కోసం ఏర్పడిన బృందంలో చేరారు. దాని పేరు హల్లెలూయా చికెన్ రన్ బ్యాండ్. పగలు గనికి చెందిన కోళ్ల షెడ్డులో పని, రాత్రి కచేరీ. గని కార్మికులకు విదేశీ పాటల కన్నా సొంత భాషలో పాట వినపడినప్పుడే ఊపు వచ్చేది. ఆ బృందంలోనే ఒక అసాధారణమైన ప్రయత్నం మొదలైంది. ఎంబిరా స్వరాలను ఎలక్ట్రిక్ గిటారు మీదికి ఎక్కించడం.

ఇక్కడ కొంచెం ఆగాలి. నిరసన గాయకుల గురించి చెప్పేటప్పుడు సాహిత్యాన్నే చూసి సంగీతాన్ని వదిలేసే అలవాటు ఉంది. మప్ఫూమో విషయంలో అది పెద్ద పొరపాటు. జాషువా డూబే, తర్వాత జోనా సితోలే లాంటి గిటారిస్టులు అరచేతి అంచుతో తీగలను అదిమిపట్టి, స్వరం పొడవుగా సాగకుండా టక్కున తెగిపోయేలా మీటారు. ఎంబిరా ఇనుప పట్టీ నుంచి వచ్చే పొడి శబ్దం గిటారులో పలికింది. కొలుపులో గింజలు నింపిన బుర్రలు ఊపి వేసే తాళాన్ని డ్రమ్ముల పక్కనుండే పళ్లేల మీదికి మార్చారు. అందువల్ల సాహిత్యం ఏమీ లేకున్నా ఆ బాణీ షోనా శ్రోతకు విషయం చెప్పేసేది. మిషనరీ బడి ఏ పెద్దలనైతే మరచిపొమ్మందో, ఆ పెద్దలనే బారులో, డ్యాన్సు హాల్లో, రేడియోలో పిలుస్తున్న సంగీతమది. ఆ పెద్దల్లో నెహాండా ఆత్మ పలికే మాధ్యమంగా జనం కొలిచిన చార్వే కూడా ఉంది. 1896-97 తిరుగుబాటుకు ప్రేరణ అయినందుకు 1898లో ఆమెను ఉరితీశారు. ఆ తిరుగుబాటును షోనాలు చిమురెంగా అంటారు. 1970ల గెరిల్లా యుద్ధం రెండో చిమురెంగా. మప్ఫూమో తన సంగీతానికీ ఆ పేరే పెట్టుకున్నారు.

పల్లెల్లో గెరిల్లాలు రాత్రంతా సమావేశాలు పెట్టి పాటలు పాడించేవారు. నగరంలో ఆ పని చేసినవి మప్ఫూమో రికార్డులు. రిజర్వు పల్లెల కష్టాల మీద ఒక పాట, పిల్లలను యుద్ధానికి పంపమని ఒక పాట, జాగ్రత్త అని హెచ్చరించే ‘హొకోయో’ ఇంకొకటి. ఎవరి కష్టమో, ఎవరికి హెచ్చరికో పేరు పెట్టి చెప్పరు. షోనా సామెతలు, నానుడులు, పాత కొలుపు పాటల మాటలు వాడతారు. తెల్ల సెన్సారు అధికారికి అవి జానపదం లాగే వినిపించేవి. పల్లె నుంచి వచ్చిన కూలీకి మాత్రం ఒక్క ముక్కలో అర్థమయ్యేది. ప్రభుత్వ రేడియో ఆ పాటలను ఆపేసినా మొజాంబిక్ నుంచి గెరిల్లాల రేడియో వాయిస్ ఆఫ్ జింబాబ్వే వాటిని వినిపించింది.

చివరికి పాలకులకూ అర్థమైంది. 1970ల చివర ఆయన్ను అరెస్టు చేసి, ఏ నేరమూ మోపకుండా దాదాపు మూడు నెలలు నిర్బంధంలో ఉంచారు. బయటికి వచ్చాక, స్మిత్‌తో రాజీ కుదుర్చుకున్న బిషప్ ఏబెల్ ముజొరేవా పార్టీ సభలో ఆయన పాడవలసి వచ్చింది. అక్కడా తన పోరాట పాటలే పాడానని తర్వాతి కాలంలో ఆయన చెప్పుకున్నారు. ఆ మచ్చను మాత్రం గెరిల్లా పార్టీల వాళ్లు చాలాకాలం మరచిపోలేదు. ఆ సంఘటన దాచిపెట్టి ఆయన్ను మచ్చలేని వీరుడిగా నిలబెట్టడం అనవసరం. ఎప్పుడు వదులుతారో తెలియని నిర్బంధం నుంచి వచ్చిన మనిషి లొంగిన ఆ ఒక్క సాయంత్రానికి, ఆ తర్వాతి నలభై ఏళ్ల ప్రవర్తనే సమాధానం.

1980 ఏప్రిల్ 18న జింబాబ్వే పుట్టింది. హరారేలోని రుఫారో స్టేడియంలో బాబ్ మార్లీ పాడారు. గేట్ల బయట ఆగిపోయిన జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు బాష్పవాయువు వదిలితే అది వేదిక దాకా వచ్చింది. కొత్త దేశపు తొలి సంబరంలో మప్ఫూమో కూడా పాడారు. రాబర్ట్ ముగాబే ప్రధాని అయ్యారు. తొలి ఏళ్లలో మప్ఫూమో పాటల్లో ఉన్నది ఆనందమే, గెలుపును ఒప్పుకోలేని వాళ్ల మీద ఎత్తిపొడుపే. కొత్త ప్రభుత్వం బడులు కట్టింది, ఆస్పత్రులు పెట్టింది. నమ్మడానికి కారణాలు ఉన్నాయి.

అయితే ఆ దశాబ్దంలోనే మాటబెలెలాండ్‌లో ఘోరం జరిగింది. ఉత్తర కొరియా శిక్షణ ఇచ్చిన ఐదో బ్రిగేడ్‌ను ముగాబే ప్రభుత్వం 1983లో ఆ ప్రాంతం మీదికి పంపింది. మృతుల సంఖ్య ఇరవై వేల దాకా ఉండవచ్చని అంచనాలు ఉన్నాయి. వాళ్లలో అత్యధికులు షోనా కాక ఎండెబెలె భాష మాట్లాడే పల్లె జనం. హరారే చెవికి ఆ ఏడుపు చేరలేదు, లేదా చేరనివ్వలేదు. పేరు మోసిన మప్ఫూమో విమర్శ పాట 1989లో వచ్చింది, అదీ మరో విషయం మీద. జింబాబ్వే స్వాతంత్ర్యానంతర కాలంలోని అతి పెద్ద నేరం కంటే ముందు కార్ల కుంభకోణమే ఆయన గొంతు విప్పించిందని చెప్పుకోక తప్పదు. ఎంత ధైర్యం గల పాటకైనా తన భాష, తన ప్రాంతం ఒక సరిహద్దు గీస్తాయి. గాయకులను కొలిచేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కార్ల కుంభకోణం ఇది. దేశంలో కార్ల కొరత ఎక్కువ. హరారేలోని విల్లోవేల్ కర్మాగారంలో బిగించిన కార్లను మంత్రులు, పెద్ద అధికారులు తమ పలుకుబడితో ప్రభుత్వ ధరకు కొని, బయట ఎన్నో రెట్లకు అమ్ముకున్నారు. బులవాయో పత్రిక ‘ద క్రానికల్’ సంపాదకుడు జెఫ్రీ న్యరోటా 1988లో పేర్లతో సహా బయటపెట్టారు. జస్టిస్ విల్సన్ సాండురా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది. మంత్రులు రాజీనామా చేశారు. స్వాతంత్ర్య పోరాటంలో ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన మోరిస్ న్యగుంబో అనే సీనియర్ మంత్రి ఆత్మహత్య చేసుకున్నారు. సంపాదకుణ్ణి ‘ప్రమోషన్’ పేరుతో ఆ కుర్చీ నుంచి తప్పించారు. విచారణలో అబద్ధం చెప్పినందుకు శిక్ష పడిన మంత్రి ఫ్రెడరిక్ షావాకు ముగాబే వెంటనే క్షమాభిక్ష పెట్టారు. అదే షావా 2021లో దేశ విదేశాంగ మంత్రి అయ్యారు.

ఆ నేపథ్యంలో మప్ఫూమో ‘కరప్షన్’ పాడారు. ఈసారి సామెత లేదు, మరుగు లేదు. పాట ఇంగ్లీషులో. తెల్లవారి కాలంలో అధికారికి అర్థం కాకూడదని షోనాలో దాచిన మనిషి, సొంత ప్రభుత్వం వచ్చాక మంత్రి నుంచి విదేశీ రాయబారి దాకా ఏ ఒక్కరూ అర్థం కాలేదని తప్పుకోకుండా పాడారు. ప్రభుత్వ రేడియోలో ఆ పాట వినిపించడం త్వరలోనే తగ్గిపోయింది. దేశంలో అప్పటికి ప్రైవేటు రేడియో లేదు.

పాట ధైర్యం పెరిగిన ఏళ్లలోనే దేశం బతుకు దిగజారింది. 1997 నవంబరు 14న జింబాబ్వే డాలరు ఒక్క రోజులో కుప్పకూలింది. మరుసటి ఏడాది ఆహార ధరల మీద అల్లర్లు జరిగాయి. అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపింది. 1999 ప్రాంతంలో మప్ఫూమో ‘డిజాస్టర్’, ‘మంవెంవే’ పాటలతో వచ్చారు. రెండోదాని అర్థం చిరుగుపాతలు. ఒకప్పుడు చూసి గర్వపడిన దేశాన్ని అలా పిలవడం పాలక పార్టీకి మింగుడుపడలేదు. ఆయన కొన్న కార్లు దొంగ సొత్తని పోలీసు కేసు ఎదురైంది. అది పాటలకు ప్రతీకారమని ఆయన వాదన. 2000లో ఆయన కుటుంబంతో అమెరికా వెళ్లి ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ పట్టణంలో స్థిరపడ్డారు. కొన్నేళ్ల పాటు కచేరీలకు స్వదేశం వచ్చిపోయేవారు. 2004 తర్వాత అదీ ఆగిపోయింది.

ఆ ఏళ్లలోనే ప్రభుత్వం ఆయన పదాన్నే లాక్కుంది. తెల్ల రైతుల పొలాల ఆక్రమణలకు ముగాబే మూడో చిమురెంగా అని పేరు పెట్టారు. సమాచార మంత్రి జొనాథన్ మోయో తానే పాటలు తయారు చేయించి రేడియో, టీవీల్లో పొద్దస్తమానం మోగించారు. ప్రసారాల్లో స్వదేశీ సంగీతానికే చోటివ్వాలని నిబంధన పెట్టారు. ఆ నిబంధన అమలులో ఉన్న రోజుల్లోనే, ప్రపంచానికి జింబాబ్వే సంగీతాన్ని పరిచయం చేసిన స్వదేశీ గాయకుడి విమర్శ పాటలకు అదే రేడియోలో చోటు లేకపోయింది. భూమి కోసం 1970ల్లో పాడిన మనిషి ఈ ఆక్రమణలను ఎందుకు మెచ్చలేదని అడిగిన వాళ్లున్నారు. మంచి పొలాలు ఎవరికి దక్కాయో చూస్తే ఆ ప్రశ్నకు బలం ఉండదు. భూమిలేని ఎందరో రైతులకు చెక్క దక్కిన మాట నిజమే. పాలక పార్టీ పెద్దలకు ఒకటికి మించి ఫారాలు దక్కిన మాటా నిజమే. 2009 జనవరి నాటికి దేశం వంద లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేసింది. మప్ఫూమో పదేళ్ల ముందు హెచ్చరించింది ఆ రోజు గురించే.

అమెరికాలో కూర్చుని పాడటం తేలికేనన్న విమర్శ కూడా ఉంది. దేశంలోనే ఉండిపోయిన ఆలివర్ ముతుకుడ్జీని దీనికి ఉదాహరణగా చూపుతారు. ముతుకుడ్జీ 2000లో ‘వసకరా’ పాడారు. ముసలితనాన్ని ఒప్పుకోమని చెప్పే పాట. ఎవరి గురించో ఆయన ఎన్నడూ చెప్పలేదు, జనం మాత్రం అది ముగాబేకే తగులుతుందని చప్పట్లు కొట్టారు. నేరుగా అనకుండా అనడం ఆయన దారి. 2019లో చనిపోయేదాకా ఇంటి దగ్గరే పాడగలిగారు, ప్రభుత్వం జాతీయ వీరుడి హోదా ఇచ్చింది. ఆ దారికి విలువ ఉంది. అందుకని దేశం వదిలిన వాణ్ణి తక్కువ చేయనక్కర్లేదు. షోనా సంగీతకారుడికి కొలుపు, పల్లె, పదం తెలిసిన శ్రోత ఇవే ఆస్తి. ఇవేవీ యూజీన్‌లో దొరకవు. వేదిక మీద పక్కన నిలబడే ఎంబిరా వాద్యకారుడికి వీసా దొరకడమే గగనమైన చోట ఇరవై ఏళ్లకు పైగా అదే సంగీతం కొనసాగించడం తేలిక పని కాదు.

ఇంతకీ పాట వల్ల ప్రభుత్వం పడిపోయిందా? లేదు. ముగాబేను 2017 నవంబరులో దింపింది సైన్యం, ఆయన సొంత పార్టీ. అధికారం అందుకున్న ఎమర్సన్ మునంగాగ్వా 1980ల నుంచీ ముగాబే పక్కనే ఉన్న మనిషి. 2018 ఏప్రిల్‌లో మప్ఫూమో హరారే వచ్చి పద్నాలుగేళ్ల తర్వాత సొంత జనం ముందు పాడారు. వేలమంది వచ్చారు. ఆ కచేరీ కొత్త పాలనలో స్వేచ్ఛకు రుజువని అనుకున్నవాళ్లకు మూడు నెలలకే జవాబు దొరికింది. ఆగస్టు 1న ఎన్నికల ఫలితాల ఆలస్యం మీద నిరసనలు జరిగితే సైనికులు హరారే నడివీధుల్లో కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. 2023 మార్చిలో చితుంగ్విజాలో యువ గాయకుడు విన్‌కీ డీ ప్రజల కష్టాల మీద పాడుతుండగా పోలీసులు వేదిక ఎక్కి కచేరీ ఆపించారు. రొడీషియా కాలంలో సెన్సారు చేసేవాళ్లకు భాష రాదు. ఇప్పటి పోలీసులకు ప్రతి పదం తెలుసు. మారింది అంతే.

జింబాబ్వే ప్రభుత్వం గాయకుడికి చేయగల నిజమైన గౌరవం ఒక్కటే. పతకాలు, వీధికి పేరు పెట్టడం తర్వాత సంగతి. ముందు ‘కరప్షన్’, ‘డిజాస్టర్’, ‘మంవెంవే’ పాటలను స్వాతంత్ర్య దినం నాడు ‘హొకోయో’తో కలిపి ప్రభుత్వ రేడియోలో వేయాలి. విన్‌కీ డీ పాడుతుంటే పోలీసులు కింద నిలబడి వినాలి. గెలిచిన పోరాటం గురించిన పాటలను మాత్రమే దాచుకునే ప్రభుత్వానికి చిమురెంగా పేరు వాడుకునే హక్కు లేదు.

ఎనభై ఏళ్లు దాటిన మప్ఫూమో పాటలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో తేలిగ్గానే దొరుకుతున్నాయి. 1976 నుంచి 1980 మధ్య విడుదలైన చిన్న రికార్డుల సంకలనం ‘చిమురెంగా సింగిల్స్’ పేరుతో ఉంది. దానితో మొదలుపెట్టండి, గిటారు ఎంబిరాలా ఎలా పలుకుతుందో చెవి పెట్టి వినండి. ఆ వెంటనే 1989 నాటి ‘కరప్షన్’ వినండి, రెండింటి మధ్య తొమ్మిదేళ్ల స్వాతంత్ర్యం ఉందని గుర్తు పెట్టుకుని.